రోజుకొక గంట నడక

రేపల్లె,
9-8-1970.

చి॥ సరోజినికి,

ఈ ఉత్తరం చూసి నువ్వు ఉలిక్కిపడతావని తెలుసు. ఎనిమిదేళ్లయింది మరి. మా వీధిలో మాణిక్యమ్మగారని ఎలిమెంటరీ స్కూలు పంతులమ్మ ఉన్నారు. పోయిన నెల వాళ్ల అన్నగారిని బాపట్ల ఆస్పత్రిలో చేరిస్తే అక్కడ నువ్వు కనిపించావట. "అచ్చం మీ మొహమేనండి బసవమ్మగారూ, అడిగితే మీ చెల్లెలినేనని చెప్పింది" అన్నారు వచ్చి. ఆవిడ వెళ్లిపోయాక కూడా గుమ్మం దగ్గర అలా నిలబడే ఉన్నాను.

మేం బాగానే ఉన్నాం. అమ్మాయిని కొలకలూరు ఇచ్చాం. మీ బావగారు ఎప్పటిలాగే పొలం, ఇల్లు.

రాయడానికి కారణం మా పక్కింటావిడ. నలభై మూడేళ్లుంటాయి. ఎడమ కాలి పిక్క నుంచి చీలమండ దాకా నరాలు పురి పెట్టిన తాళ్లలా ఉబ్బిపోయాయి. సాయంత్రానికి కాలు రోకలంత బరువు. చీలమండ లోపలివైపు చర్మం నల్లబడి, దురదపెట్టి, పుండు పడింది. అయిదు నెలలైంది, మానదు. పసర్లు అయ్యాయి, ఆముదం అయింది. మగ డాక్టరుకి కాలు చూపించనంటుంది. చూపిస్తే కోసేస్తారని భయం. ఏంటి దారి?

జవాబు మాణిక్యమ్మగారి పేర రాయి. మా ఇంటికి రాయకు. ఎందుకో నీకు తెలుసు.

అక్క,
బసవమ్మ.


బాపట్ల,
16-8-1970.

అక్కయ్యా,

నీ ఉత్తరం వార్డులో నిలబడి మొదలుపెట్టాను, కూర్చుని ముగించాను. మొదట్లో నేను రాసిన నాలుగు ఉత్తరాలు నీకు అందాయో లేదో అడగను. ముందు పక్కింటావిడ సంగతి చూద్దాం.

ఆవిడతో చెప్పు, అవి నరాలు కావు, రక్తనాళాలు. పాదాల్లోని రక్తం గుండె వైపు పైకెక్కాలి. ఎక్కింది మళ్లీ జారకుండా ఆ నాళాల లోపల చిన్న చిన్న తలుపులుంటాయి. కాలవ తూముకి తలుపు చెడితే నీళ్లు ఎలా వెనక్కి తంతాయో నీకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడా అంతే. రక్తం కిందే నిలిచిపోతుంది, నాళం ఉబ్బుతుంది, ఆ చోట చర్మం బలహీనపడి పుండు పడుతుంది. పైన ఎన్ని పసర్లు పూసినా అందుకే మానదు. ఇది అంటుకునే జబ్బు కాదు, ఎవరి పాపమూ కాదు. కాన్పులైన ఆడవాళ్లకి, పొద్దస్తమానం నిలబడేవాళ్లకి ఎక్కువ. మా నర్సుల్లో చాలామందికి ఉంది.

దారి ఉంది. తెనాలిలో పూర్ణచంద్రరావుగారని సర్జను ఉన్నారు, ఇంగ్లండులో చదివొచ్చారు. తొడలోని పెద్ద నాళం పాడైతే గజ్జ దగ్గర కోసి దాన్ని లాగేస్తారు. దానికి మత్తు ఇవ్వాలి, పది రోజులు మంచం మీద ఉండాలి. కానీ చెడింది మోకాలి కిందే అయితే కోత అక్కర్లేదు. ఉబ్బిన నాళంలోకి ఇంజక్షను ఇచ్చి, కాలి వేళ్ల నుంచి మోకాలి దాకా బిగువుగా కట్టు కడతారు. ఆ మందుకి నాళం గోడలు ఒకదానికొకటి అతుక్కుని మూసుకుపోతాయి. రక్తం లోపలి మంచి దారులు చూసుకుంటుంది. అదే రోజు ఇంటికి. మంచం ఎక్కడం కాదు, రోజుకొక గంట నడవాలి. ఆరు వారాలు కట్టు విప్పకూడదు. పుండు ఉన్నవాళ్లకి మాత్రం ముందు కట్లతో పుండు మాన్పి, ఆ తరవాతే సూది. అందాకా మధ్యాహ్నం పూట కాళ్ల కింద దిండ్లు పెట్టుకుని పడుకోమను.

ఒక్కటి మటుకు ఆవిడ బట్టీ పట్టాలి. ఆ నాళం ఎప్పుడైనా చిట్లితే రక్తం చిమ్ముతుంది. అప్పుడు నిలబడకూడదు, కూర్చోకూడదు. వెంటనే వెల్లకిలా పడుకుని, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేత్తో అదిమి పట్టాలి. పైన తాడు బిగించకూడదు.

చిన్నప్పుడు కాల్లో తుమ్మముల్లు విరిగితే మూడు రోజులు కుంటుతూ "ఏం లేదు, ఏం లేదు" అన్న మనిషిని నేనొకర్ని ఎరుగుదును. మీ పక్కింటావిడ ఆ మనిషికి ఏమైనా చుట్టమా?

సరోజిని.


రేపల్లె,
2-9-1970.

సరోజినీ,

కాలు నాదే.

చీర కుచ్చెళ్లు కిందికి దించి కట్టుకుంటున్నాను. పుండు మీద పాత ధోవతి ముక్క చుట్టుకుని, అడిగితే ముల్లు గుచ్చుకుందంటున్నాను. మీ బావగారికి కాలు లాగుతుందని తెలుసు గాని పుండు సంగతి తెలియదు.

నీ నాలుగు ఉత్తరాలూ అందాయి. చించలేదు, బియ్యం డబ్బా అడుగున ఉన్నాయి. జవాబు రాయలేదు, అంతే. పెళ్లి మాటలు కాదని నువ్వు నర్సు ట్రైనింగుకి వెళతానన్న రోజు, "ముక్కూ మొహం తెలియని వాళ్ల పుళ్లు కడిగే మనిషి నా గడప తొక్కొద్దు" అని ఆయన అన్నప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. ప్రతి మాటా వినపడింది. బయటికి రాలేదు. పొయ్యి మీద ఏముందో కూడా గుర్తు లేదు, గరిటె మాత్రం తిప్పుతూనే ఉన్నాను. ఇన్నేళ్లూ ఆ మాట ఎవరితోనూ అనలేదు. నీతో అనాలనిపించింది.

తెనాలి రాలేను. ఆ డాక్టరు గురించి ఎవరు చెప్పారంటే ఏమని చెప్పను? నువ్వు రాసినట్టే మధ్యాహ్నం కాళ్ల కింద దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నాను. కాస్త నయంగానే ఉంది.

అక్క.


బాపట్ల,
10-9-1970.

అక్కయ్యా,

గరిటె సంగతి చదివి ఏడ్చాను. తరవాత నీమీద కోపం వచ్చింది. తరవాత డ్యూటీ టైమైంది.

ఇప్పుడు కోపం లేదు, భయమే ఉంది. కాస్త నయంగా ఉందంటే పుండు మానుతోందని కాదు. నా పేరు చెప్పకు, మాణిక్యమ్మగారు చెప్పారను. ఎవరి పేరైనా చెప్పు. తెనాలి మటుకు వెళ్లు.

సరోజిని.


రేపల్లె,
21-10-1970.

సరోజినీ,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు. ముందే చెబుతున్నా, నాకేం ఫరవాలేదు.

ఆదివారం పొద్దున పెరట్లో నీళ్లు పోసుకుని, చీర చుట్టుకుని వస్తున్నాను. పాదం మీద వెచ్చగా అనిపించింది. నీళ్లేమో అనుకున్నాను. చూస్తే ఎర్రగా ఉంది. పుండు పక్కన పిచికారీలో నుంచి వచ్చినట్టు చిమ్ముతోంది. తులసికోట దాకా పడింది. కేక వేశానట. మీ బావగారు పళ్లు తోముకుంటున్నవారు పరిగెత్తుకొచ్చారు.

నన్ను లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టబోయారు. "వద్దండీ, పడుకోబెట్టండి. కాలు పైకెత్తండి" అన్నాను.

"ముందు పైన తాడు బిగిద్దాం, ఆగు" అన్నారు.

"తాడొద్దు. గుడ్డ పెట్టి అరచేత్తో అదమండి. వదలకండి."

ఇరవై అయిదేళ్ల కాపరంలో ఆయనకి నేను ఇలా చెప్పడం ఇదే మొదలు. ఆయన విన్నారు. తువ్వాలు పెట్టి, నా కాలు తన భుజానికి ఆనించుకుని, తడి నేల మీద మోకాళ్ల మీద కూర్చుని అదిమి పట్టారు. కాసేపటికి ఆగింది. అప్పుడు చూశారు పుండు.

"ఎన్నాళ్లయింది ఇది?"

"ఏడు నెలలు."

తువ్వాలు మడిచి మళ్లీ అదిమారు. తరవాత, "ఇలా పడుకోవాలని, ఇలా పట్టుకోవాలని నీకెవరు చెప్పారు?" అన్నారు.

మాణిక్యమ్మగారి పేరు నోటిదాకా వచ్చింది. అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "సరోజిని రాసింది" అన్నాను.

ఆయన మొహం తులసికోట వైపు తిప్పుకున్నారు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

వచ్చే సోమవారం తెనాలి తీసుకెళతానన్నారు. నువ్వు కూడా వస్తావని చెప్పాను. రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. పన్నెండు గంటలకి అక్కడుంటాం.

అక్క.


రేపల్లె,
9-11-1970.

చి॥ సరోజినికి,

డాక్టరుగారు చెప్పిన ప్రకారం మీ అక్కయ్యకు రోజూ ఉదయం పక్క దిగకముందే కట్టు కడుతున్నాము. తనకు వంగి కట్టుకొనుట కుదరనందున నేనే కడుతున్నాను. మధ్యాహ్నానికి మడమ దగ్గర జారిపోతున్నది. బిగించి కట్టినచో వేళ్లు చల్లబడుతున్నవని అంటున్నది. ఎంత బిగువు ఉండవలెనో, మడమ చుట్టూ ఎట్లు తిప్పవలెనో వివరముగా వ్రాయవలెను. పుండు కడుగుటకు కాచి చల్లార్చిన నీళ్లు వాడుతున్నాను. సరియేనా.

జవాబు ఇంటి అడ్రసుకే వ్రాయవచ్చును.

వెంకటకృష్ణయ్య.


బాపట్ల,
12-11-1970.

బావగారికి నమస్కారములు.

కాచిన నీళ్లు సరైనవేనండి. కట్టు కాలి వేళ్ల మొదట్లో ఎత్తుకోండి. పాదం మీద రెండు చుట్లు తిప్పి, అక్కణ్ణించి మడమని పూర్తిగా కప్పుతూ చీలమండ మీదికి ఏటవాలుగా తీసుకెళ్లండి. మడమ బయటికి కనిపిస్తే కట్టు జారుతుంది, అక్కడే వాపూ వస్తుంది. ప్రతి చుట్టూ కింది చుట్టు మీద సగం పడాలి. బిగువు చీలమండ దగ్గర ఎక్కువ ఉండి, పైకి పోయేకొద్దీ తగ్గాలి. వేళ్లు చల్లబడినా, నీలం తిరిగినా విప్పేసి మళ్లీ కట్టండి. మొదటి నెల మాక్కూడా చేతకాలేదండి.

తెనాలిలో ఆరోజు మీరు నాతో మాట్లాడలేదు. కానీ డాక్టరుగారు కట్టు కట్టి చూపిస్తుంటే కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ముందుకి వంగి చూశారు. అక్కయ్య కాలు మానుతుందని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

సరోజిని.


బాపట్ల,
3-1-1971.

అక్కయ్యా,

పుండు పూర్తిగా మూసుకుందని బావగారు కార్డు రాశారు. "కొత్త చర్మం చింతపువ్వు రంగులో ఉన్నది" అని కూడా రాశారు. వార్డులో అందరికీ చదివి వినిపించాను.

చెడింది మోకాలి కిందేనని డాక్టరుగారు తేల్చారు, పద్దెనిమిదో తారీకున సూది వేయించుకుంటున్నావు గనక నీ దగ్గర దాచిన మాట ఒకటి ఇప్పుడు చెప్పాలి. మా నర్సుల్లో చాలామందికి ఉందని రాశాను గాని నాకూ ఉందని రాయలేదు. మూడేళ్ల కిందట వేరే ఊళ్లో ఒక డాక్టరు దగ్గర ఇదే ఇంజక్షను చేయించుకున్నాను. ఆయనకి అంత అలవాటు లేదు. మందు నాళంలో పడకుండా పక్కకి కారింది. అక్కడ చర్మం నల్లబడి, ఊడి, పుండు పడింది. మానడానికి నాలుగు నెలలు పట్టింది. నా కుడి పిక్క మీద రూపాయి బిళ్లంత గుంట ఇప్పటికీ ఉంది. ఆ తరవాతే పూర్ణచంద్రరావుగారి దగ్గరికి వెళ్లాను. మిగిలినవి ఆయన చేతిలో చక్కగా మూసుకుపోయాయి.

నీకు చెబితే అసలు తెనాలి రావని భయపడ్డాను. రోగులకి అన్నీ చెప్పాలని కొత్త నర్సులకి పాఠం చెప్పే మనిషిని, సొంత అక్క దగ్గర దాచాను. ఇప్పుడు విన్నావు. వద్దనుకుంటే వద్దను. కట్టు కట్టుకుంటూ కూడా బతకొచ్చు.

సరోజిని.


రేపల్లె,
22-1-1971.

సరోజినీ,

నీ ఉత్తరం చూసి చాలా కోపం వచ్చింది. నన్ను మందు మింగనని మారాం చేసే పసిపిల్లని చేశావు. రెండుసార్లు జవాబు మొదలుపెట్టి చించేశాను. తరవాత నేను నీ దగ్గర ఏమేం దాచానో గుర్తొచ్చి ఊరుకున్నాను. మూడేళ్ల కిందట ఆ నాలుగు నెలలూ నీకు కట్టు ఎవరు కట్టారు? అది రాయలేదు నువ్వు. ఎవరూ కట్టలేదని నాకు అర్థమైంది.

పద్దెనిమిదిన వెళ్లాం. సూది తియ్యకముందే డాక్టరుగారిని అడిగాను: "మందు బయటికి కారితే ఏంటండి?"

ఆయన నన్ను చూసి, "ఎవరమ్మా చెప్పారు?" అన్నారు.

"మా చెల్లెలండి. దానికి అలా అయింది."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "అవునమ్మా, కారితే పుండు పడుతుంది. అందుకే సూది లోపలే ఉందని రక్తం చూసి నిర్ధారణ చేసుకుంటాను, కొంచెం కొంచెంగానే ఇస్తాను. మంటగా ఉంటే వెంటనే చెప్పండి, ఆపేస్తాను. ఇంకో మాట. మూసినవి మూసుకున్నా, కొన్నేళ్లకి పక్కన కొత్తవి రావచ్చు. వస్తే మళ్లీ చూద్దాం. ఇప్పుడు వేయమంటారా?" అన్నారు.

నా జన్మలో ఒక డాక్టరు నన్ను "వేయమంటారా" అని అడగడం ఇదే. మీ బావగారు జవాబు చెప్పబోయారు. "వేయండి" అన్నాను నేనే.

బల్ల మీద కాళ్లు వేలాడేసి కూర్చోమన్నారు. నాళం ఉబ్బాక సూది గుచ్చి, పడుకోబెట్టి, కాలు ఎత్తి, అప్పుడు మందు ఎక్కించారు. చీమ కుట్టినట్టుంది, అంతే. మూడు చోట్ల వేశారు. ఒక్కోదాని మీదా దూది మెత్త పెట్టి, వేళ్ల నుంచి మోకాలి దాకా కట్టు కట్టారు. నేనింకా కళ్లు మూసుకునే ఉన్నాను. "అయిపోయిందమ్మా, లేచి నడవండి" అన్నారు.

ఆ నడకే అసలు కష్టం. పేరంటానికైనా రిక్షాలో వెళ్లే మనిషిని. స్టేషను రోడ్డు మీద పని లేకుండా గంట నడవాలంటే! మొదటి రోజు మీ బావగారు పది అడుగులు ముందు, నేను వెనక. కనిపించిన ప్రతివాళ్లూ "ఎక్కడికండి బసవమ్మగారూ?" అని అడగడమే. "ఎక్కడికీ కాదండి" అంటే నమ్మరు. రెండో రోజు చేతిలో సంచీ పట్టుకున్నాను, బజారుకి అనుకుంటారని. నిన్న సంచీ మర్చిపోయి వెళ్లాను. వచ్చాక గాని గుర్తు రాలేదు.

కాలవ కట్ట మీద సాయంత్రం పూట ఎంత గాలి వస్తుందో నీకు తెలుసా? ఇరవై అయిదేళ్లుగా ఈ ఊళ్లో ఉండి నాకు తెలియదు.

ఆరు వారాలయ్యాక కట్టు విప్పుతారు. ఆరోజుకి నువ్వు సెలవు పెట్టు. తెనాలికి కాదు, ఆ సాయంత్రం ఇంటికి రా. ఈ మాట మీ బావగారు రాయమన్నదే. "నువ్వు రాస్తే బాగుంటుంది" అన్నారు.

అక్క.


బాపట్ల,
8-3-1971.

అక్కయ్యా,

క్షేమంగా చేరాను. దారంతా నీ కాలే కళ్లముందుంది. అక్కడక్కడా గోధుమ రంగు మచ్చలు, లోపల తాడులా గట్టిగా తగిలేది చూసి బెంగపెట్టుకోకు, నెమ్మదిగా అణిగిపోతాయి. తొడ దగ్గర చిన్నగా కనిపిస్తున్నదాన్ని డాక్టరుగారు చూస్తూ ఉందామన్నారు, చూస్తూ ఉందాం.

మీ ఇంటి ముందు రిక్షా దిగాక లోపలికి నడవడానికి నాకే కాళ్లు రాలేదు. బావగారు గుమ్మంలోకి వచ్చి "రా" అన్నారు. ఎనిమిదేళ్ల తరవాత ఒక్క అక్షరం. తరవాత భోజనాల దగ్గర, "ఆ కట్టు విషయంలో మీ ఆస్పత్రి వాళ్లు సగం సగం చుట్టు వేస్తారా, మూడోవంతు వేస్తారా?" అని మొదలుపెట్టి మజ్జిగ దాకా అదే మాట్లాడారు. నీ వడ్డన ఎవరూ పట్టించుకోలేదు. నువ్వు చెంగు అడ్డం పెట్టుకుని నవ్వడం నేను చూశాను.

సరోజిని.


రేపల్లె,
23-5-1971.

సరోజినీ,

నడక మానలేదు. ఎండలు ముదిరాయని ఇప్పుడు తెల్లారగానే వెళ్తున్నాను. మీ బావగారు లంకతోటకి కొల్లూరు వెళ్లిన రోజుల్లో ఒక్కదాన్నే వెళ్తాను.

చీరలు నేసి తెచ్చే అంకాలమ్మ పోయిన వారం వచ్చింది. మూట విప్పకుండా నా కాలు వంకే చూస్తోంది. "అమ్మగారూ, మీ కాలు కొయ్యకుండానే బాగుపడిందంటగా" అని, తలుపు దగ్గరికి జరిగి చీర కొంచెం ఎత్తింది. సరోజినీ, నాది ఏపాటి! రెండు కాళ్లూ అంతే. పొద్దున్నించి మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని కూర్చునే మనిషి. "పది రోజులు మంచమెక్కితే మగ్గం ఆగిపోద్ది అమ్మగారూ, అందుకే ఎవరికీ చూపించలేదు" అంది.

మంచం ఎక్కనక్కర్లేదని చెప్పాను. మొన్న సోమవారం పొద్దున బండికి ఇద్దరం తెనాలి వెళ్లాం. మీ బావగారు వస్తానన్నారు, నేనే వద్దన్నాను.

బల్ల ఎక్కనంది. "దుప్పటి మాసిపోద్దండి" అంటుంది. నేను ముందు ఎక్కి కూర్చుని, పక్కన చెయ్యి వేసి చూపించాను. అప్పుడు ఎక్కింది. డాక్టరుగారు రబ్బరు గొట్టం కట్టి, పడుకోబెట్టి, నిలబెట్టి పరీక్ష చేశారు. తొడలో నాళం బాగానే ఉందట, చెడినవన్నీ మోకాలి కిందవేనట. పుండు లేదు గనక అప్పుడే ఎడమ కాలికి సూది వేశారు. కుడి కాలికి తరవాత. మగ్గం మీద కూర్చోవచ్చు గాని ప్రతి అరగంటకీ గుంటలోంచి లేచి వీధి చివరిదాకా వెళ్లి రావాలన్నారు. "వీధిలో పడుగు నూలు చాచి సరిచేసేటప్పుడు ఎటూ నడిచేదేగా బాబూ, ఇంకాస్త నడుస్తా" అంది. డాక్టరుగారు నవ్వారు.

అక్కణ్ణించి స్టేషనుకి నడిచే వచ్చాం. మేం ప్లాట్‌ఫారం మీద అడుగు పెట్టేసరికి రేపల్లె బండి కదిలిపోతోంది. మళ్లీ బండికి రెండు గంటలు. ఊరికే కూర్చోవడం ఎందుకని ప్లాట్‌ఫారం ఆ చివరి నుంచి ఈ చివరికి నడవడం మొదలుపెట్టాం. అంకాలమ్మ మొదట నా వెనక నడిచింది. మాట్లాడాలంటే మెడ తిప్పాల్సి వస్తోందని పక్కకి రమ్మన్నాను.

పదేళ్లుగా మా ఇంటికి చీరలు తెస్తున్న మనిషి. ఆవిడకి ముగ్గురు ఆడపిల్లలని, పెద్దది తొమ్మిదో తరగతిలో ఫస్టు వచ్చిందని, నేను నిరుడు కట్టుకున్న ఆ ఆకుపచ్చ అంచు చీర ఆవిడ జ్వరంతో నేసిందని నాకేమీ తెలియదు. ఎంత చెప్పిందో! నా గురించి కూడా అడిగింది. నీ గురించి చెప్పాను. "మా పెద్దదానికి కూడా నర్సు చదువు మీదే మనసు అమ్మగారూ. వాళ్ల నాన్న ఒప్పుకోడు. మీ చెల్లెలుగారు ఎలా వెళ్లారు?" అంది.

బండి వచ్చి ఆగింది. ఎక్కి ఎదురెదురుగా కూర్చున్నాక చెప్పడం మొదలుపెట్టాను. వంటింట్లో నేనున్న సంగతి కూడా దాచలేదు. వేమూరు దాటినా పూర్తి కాలేదు.

ఆ పిల్ల పేరు శేషమ్మ. వచ్చే నెల మీ బావగారి చేత వాళ్ల నాన్నతో మాట్లాడించబోతున్నాను. ఆయన ఒప్పుకున్నారు. ట్రైనింగుకి అర్జీ ఎప్పుడు పెట్టాలో, ఏమేం కాగితాలు కావాలో వెంటనే రాయి.

అక్క,
బసవమ్మ.